రాణిగారికి వింజామర

విక్టోరియా రాణి హయాంలో వ్యంగ్య చిత్రకారులు సింహాసనాలను గడగడలాడించారట. కార్టూన్ చరిత్ర రాసేవాళ్లు ఈ మాట అనకుండా పేజీ తిప్పరు. సాక్ష్యం అడిగితే ‘పంచ్’ పత్రిక బొమ్మలు చేతిలో పెడతారు. సరే, చూద్దాం.

1876లో ప్రధాని డిజ్రేలీ రాణిని భారతదేశానికి చక్రవర్తినిని చేశాడు. ఏప్రిల్‌లో పంచ్‌లో జాన్ టెనియల్ బొమ్మ పడింది. అల్లావుద్దీన్ కథలో పాత దీపాలకు కొత్త దీపాలిస్తానంటూ తిరిగే మాయగాడి వేషంలో డిజ్రేలీ, రాణిగారి ముందు కొత్త కిరీటం చాపుతున్నాడు. దెబ్బంతా అమ్మేవాడి వీపుకే తగిలింది. కొనే ఆవిడ హుందాతనం చెక్కు చెదరలేదు. ఆ బిరుదు మీద మోజు అసలు రాణిగారిదేనన్న సంగతి బొమ్మలో ఎక్కడా లేదు. కొరడా అని మనకు చూపిస్తున్నది వింజామరే! 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ఆ బిరుదును చాటేనాటికి బళ్లారి, కర్నూలు, కడప సీమల్లో ధాత కరువు మనుషులను మింగుతోంది.

పేరొకటి, పనొకటి: సోదర సంఘాల సంగతీ అంతే. 1875 ఏప్రిల్ 28న రాయల్ ఆల్బర్ట్ హాలులో వేల్స్ యువరాజు ఫ్రీమేసన్లనే సోదర సంఘానికి (మేసన్ అంటే రాతిపనివాడు) గ్రాండ్ మాస్టర్‌గా గద్దెనెక్కాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క రాయి చెక్కని దొర రాతిపనివాడి ఏప్రన్ కట్టుకుని, మనమంతా అన్నదమ్ములమేనంటూ అందరికంటే ఎత్తున కూర్చున్నాడు. ఇక కార్టూనిస్టు గీయడానికి మిగిలిందేముంది? అంతకుముందు ఆ కుర్చీ రిపన్ ప్రభువుది (తర్వాత మనకు వైస్రాయిగా వచ్చిన రిపనే). ఆయన క్యాథలిక్కుల్లో కలుస్తూ దిగిపోతే, సోదరులకు వెతగ్గా వెతగ్గా సింహాసనపు వారసుడే దొరికాడు.

సంస్కరణ మాటకొస్తే, ఒక్క బొమ్మకు మాత్రం దండం పెడతాను. 1843 జులైలో పంచ్‌లో జాన్ లీచ్ గీసింది. చిరుగుపాతల పిల్లలు, చంకలో కర్రలతో కుంటివాడు, ఎదురుగా గోడ మీద బలిసిన పెద్దమనుషుల చిత్రపటాలు. అన్నమడిగితే సర్కారు చిత్రకళ చూపిస్తోందన్నమాట. అదే పంచ్, అదే లీచ్, 1851లో ఆడవాళ్లు పైజామాల్లాంటి బ్లూమర్లు తొడిగితే పడీపడీ నవ్వారు. 1867లో పార్లమెంటు సభ్యుడు జాన్ స్టువర్ట్ మిల్ ఆడవాళ్లకు ఓటు అడిగితే టెనియల్ ఆయన్నూ వెక్కిరించాడు. ఐర్లండు తిరుగుబాటుదారులకైతే కోతి మొహాలు తగిలించాడు. ఆకలంటే జాలి, హక్కంటే ఒళ్లుమంట!

నిజంగా గిచ్చినవాడు ‘టొమాహాక్’ పత్రికలో మాట్ మోర్గన్. 1867లో ఖాళీ సింహాసనం గీశాడు. భర్త పోయాక కొలువుకు మొహం చాటేసిన రాణిగారు బొమ్మలో లేనే లేరు. కొన్ని వారాలకే అదే సింహాసనానికి ఆనుకుని, ఆవిడ ఆంతరంగిక నౌకరు జాన్ బ్రౌన్‌ను నిలబెట్టాడు.

1893లో రాణిగారు టెనియల్‌ను సర్ బిరుదుతో సత్కరించారు. టొమాహాక్ 1870లోనే మూతపడింది. మోర్గన్ అదే ఏడాది అమెరికా ఓడెక్కాడు.