ఆరు నెలలు గోల్ఫ్, ఆరు నెలలు డైపర్లు

ముసలివాళ్ల విషయంలో అమెరికాది సమదృష్టి. కెనడా నుంచి దిగే పెద్దాయనకూ మామూలుగా ఆరు నెలలే, గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద దిగే పెద్దాయనకూ ఆరు నెలలే. తేడా అంతా ఆ ఆరు నెలలూ భుజాన ఏం మోస్తారన్న దగ్గరే వస్తుంది. ఒంటారియో ఆయన గోల్ఫ్ కర్రల సంచి మోస్తాడు. గుంటూరాయన మనవణ్ణి మోస్తాడు.

మంచు పడే సూచన కనబడగానే ఉత్తరాది రిటైర్డు దంపతులు మోటార్‌హోమ్ బయటికి తీసి దక్షిణాదికి బయల్దేరతారు. వీళ్లను స్నోబర్డ్స్ అంటారు. మోటార్‌హోమ్ అంటే, మన సినిమా హీరోలు షాటుకూ షాటుకూ మధ్య అలిగి కూర్చునే కారవాన్ ఉంటుందే, అదే బాపతు. కాకపోతే దీన్ని హీరోగారే తోలాలి. కొన్ని నలభై అడుగులు దాటతాయి, పక్కన మన ఆర్టీసీ బస్సు చిన్నబోతుంది. బరువు 26,000 పౌండ్లు, అంటే సుమారు 11.8 టన్నులు మించకపోతే చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సు చాలు. నిన్నటిదాకా జనం పళ్లు పీకిన డెబ్బై ఏళ్ల డాక్టరుగారు ఇవాళ హైవే మీద బస్సు తోలుతుంటాడు. కూరగాయలకు వెళ్లడానికి వెనకాల ఒక కారు కూడా కట్టుకుంటాడు. మైలేజీ లీటరుకు మూడు, మహా అయితే నాలుగు కిలోమీటర్లు. భూగోళాన్ని కాపాడమనే స్టిక్కరు అతికించడానికి మాత్రం వెనక బోలెడంత జాగా.

దారిలో అలబామా తగులుతుంది. అక్కడి టీచర్ల, ప్రభుత్వోద్యోగుల పింఛను నిధిని చూసే డేవిడ్ బ్రానర్ అనే ఆయన 1990ల మొదట్లో ఆ నిధి సొమ్ముతో రాష్ట్రమంతటా గోల్ఫ్ కోర్సులు కట్టించాడు. రాబర్ట్ ట్రెంట్ జోన్స్ గోల్ఫ్ ట్రెయిల్ అంటారు దాన్ని. 11 చోట్ల మొత్తం 468 గుంతలు. పంతుళ్ల పింఛనుతో గుంతలు తవ్వడమేమిటని కంగారుపడకండి, లెక్క ఉంది. బయటి రాష్ట్రాల వాళ్లు వచ్చి ఆడాలి, డబ్బు ఇక్కడ పొయ్యాలి. అంటే మిషిగన్ పంతులుగారి పింఛను బంతితో పాటు గుంతలో పడి అలబామా పంతులుగారి ఖాతాలో తేలుతుందన్నమాట. 2004 సెప్టెంబరు తర్వాత కొలువులో చేరి, సీపీఎస్ అనే పింఛను పథకం కింద తన జీతంలో కోసిన సొమ్ము ఏ మార్కెట్లో ఊగుతోందో తెలియక ధర్నా టెంటులో కూర్చున్న మన మాస్టారు ఇది వింటే, “వాళ్ల గుంతలు కనీసం కంటికి కనబడుతున్నాయి కదండీ” అంటాడు.

ఆ దారి చివర, అలబామా సముద్రతీరాన గల్ఫ్ షోర్స్. తెల్లటి ఇసుక, జనవరి మధ్యాహ్నం పదహారు డిగ్రీలు. ఆ మాత్రం చలికే మనం మంకీ క్యాపులు పెట్టుకుంటాం. వాళ్లు నిక్కర్లు తొడుక్కుని ఎండ కాగుతారు. నీళ్లలో మాత్రం దిగరు, చల్లగా ఉంటాయట. కుర్చీ వేసుకుని, రెండు వేల కిలోమీటర్ల అవతల తమ ఊళ్లో ఇవాళ ఎన్ని అడుగుల మంచు పడిందో పక్క బండాయనతో సంబరంగా ముచ్చటిస్తారు. ఏడాదిలో 212 రోజులకు మించి బయట తిరిగితే ఒంటారియో ఆయన సర్కారు ఆరోగ్య బీమాకు ఎసరు. అందుకే గోల్ఫ్ స్కోరులో నాలుగు దెబ్బలు మింగేసే పెద్దమనిషి కూడా రోజుల లెక్క మాత్రం నిజాయితీగా రాసుకుంటాడు.

ఈ వైభవంలో ఒక్క చోట మాత్రం నాకు గౌరవం కలిగింది. బండిలో మరుగుదొడ్డి తాలూకు ట్యాంకు నిండితే, ఎంత కోటీశ్వరుడైనా చేతికి తొడుగులు వేసుకుని, గొట్టం తగిలించి, మామూలుగా తనే ఖాళీ చేసుకోవాలి. దానికంటూ ఒక కులాన్ని కేటాయించుకోవడం వాళ్లకింకా తట్టలేదు.

స్నోబర్డ్స్ మంచు నుంచి పారిపోతుంటే మన పక్షులు నేరుగా మంచులోకే వలస పోతాయి. కోడలి పురుడు జనవరిలో, న్యూజెర్సీలో. అలా మూడు నెలలు కిటికీలోంచి మంచు చూసిన అమ్మానాన్నల మీద ఒక సుపుత్రుడికి జాలి కలిగి, మోటార్‌హోమ్ అద్దెకు తెచ్చాడు. అమ్మ కుక్కరు, ఆవకాయ, ఇడ్లీ రేకులు సర్దింది. తాళాలిస్తూ అద్దెవాడు ట్యాంకు సంగతి విడమరిచి చెప్పాడు. గొట్టం ఎవరు పట్టుకోవాలన్న దాని మీద ఇంట్లో చర్చ జరిగింది. పెద్దవాళ్లతో పట్టించడం పాపం. అబ్బాయి ఎమ్మెస్ చేశాడు. కోడలు బాలింత. చివరికి నాన్నగారు, రిటైర్డు సూపరింటెండెంటు కదా, ఫైలు ముగిస్తూ ఉత్తర్వు వేశారు: బండిలో దొడ్డి ఎవరూ వాడకూడదు.

లోపల షవరుతో సహా సకల సౌకర్యాలూ ఉన్న ఆ బండి, దక్షిణం దాకా, కనబడిన ప్రతి పెట్రోలు బంకు దగ్గరా ఆగుతూ వెళ్లింది.