36 లక్షల బీదవాడు

పావగడ తాలూకాకు ఇంచుమించు మూడు పక్కలా ఆంధ్రే. ఓటు కర్ణాటకలో, మాట అనంతపురం యాసలో. ఆ తాలూకాలోని తిరుమణిలో ఒక టీ అంగడి, దాని ముందర ఒక బెంచీ. వెనక కనుచూపు మేరా సోలార్ పలకలు. తిరుమణి, వల్లూరు, బళసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు: ఈ ఐదు ఊళ్ల పొలాలు 13 వేల ఎకరాలు కలిస్తే 2,050 మెగావాట్ల పార్కు అయింది. 2018 మార్చి 1న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వచ్చి ప్రారంభించారు. పొలంలో ఇప్పుడు కరెంటు పండుతుంది. పండిన కరెంటు పట్నాలకు పోతుంది.

బెంచీ మీద నలుగురు. లీజు మామ: ఇరవై ఎకరాలు పార్కుకిచ్చి, నీడన కూర్చుని ఎండ అమ్ముకునే రైతు. ప్యాకేజీ అల్లుడు: బెంగళూరు వైట్‌ఫీల్డులో కాపురం, మొగుడూ పెళ్లాలిద్దరి సీటీసీ కలిపి ఏడాదికి 36 లక్షలు, జేబులో మాత్రం ఎప్పుడూ చిల్లర ఉండదు. పెన్షన్ అయ్యవారు: పాత పెన్షన్ పూర్తిగా తీసుకుంటూ లోకానికి పొదుపు నేర్పే రిటైర్డ్ మేష్టరు. కూలి నరసక్క: సెంటు భూమి లేదు, పలకల మధ్య గడ్డి కోస్తుంది, ఇప్పుడు పావగడ బస్సు కోసం కూర్చుంది.

అల్లుడు: (ఫోన్ చూసి, నిట్టూర్చి) మామా, ఈ దేశంలో మిడిల్ క్లాసుగా బతకడం నేరమైపోయింది.

అయ్యవారు: నువ్వు మిడిల్ క్లాసని ఎవరు చెప్పినారప్పా? ప్రైస్ అని ఢిల్లీ పక్క ఒక పరిశోధన సంస్థ ఉండాది. ఏడాదికి 5 లక్షల నుంచి 30 లక్షల దాకా వచ్చే ఇంటిని మధ్యతరగతి అని లెక్క కట్టింది. 30 దాటితే ధనవంతులు. నీది 36.

అల్లుడు: ఆ కాగితం జిరాక్స్ ఒకటి ఇప్పించండి సార్. మా ఆవిడ నమ్మదు.

మామ: అది సరే గానీ అల్లుడా, అన్ని దుడ్లు యాడికి పోతాండాయి?

అల్లుడు: సీటీసీ వేరు, చేతికొచ్చేది వేరు మామా. పీఎఫ్, ఇన్‌కం టాక్సు, ఏడాది చివర ఇస్తారో ఇవ్వరో తెలియని వేరియబుల్ పే, ఇవన్నీ పోను ఇద్దరికీ కలిపి నెలకు 2 లక్షల 30 వేలు.

మామ: నెలకే! (బెంచీ మీద జరిగి ఇంకాస్త చోటిచ్చాడు.)

అల్లుడు: జరగొద్దు మామా, వినండి. ఫ్లాటుకు 80 లక్షలు లోను. ఎనిమిదిన్నర వడ్డీ, ఇరవై ఏళ్లు. నెలకు 70 వేలకు కొంచెం తక్కువ.

అయ్యవారు: (కళ్లు మూసి, పెదాలు కదిలించి) అంటే 240 కంతులకు కోటీ 66 లక్షలు. నువ్వు కొనేది ఒక ఫ్లాటు, కట్టేది రెండిండ్ల దుడ్డు. రెండోది బ్యాంకోళ్లకు గృహప్రవేశం.

అల్లుడు: స్కూలు, ఇద్దరికీ కలిపి నెలకు 40 వేలు పడుతుంది. కారు కంతు 18 వేలు. వంటమనిషికి 8, అంట్లూ ఇల్లూ చూసే ఆవిడకు 6. చిన్నోడి డే కేరుకు 12. సరుకులూ కూరగాయలూ పాలూ 25. మా నాన్నావాళ్ల ఇన్సూరెన్సుకు 8. అపార్టుమెంటు మెయింటెనెన్సు 7. పెట్రోలు 10. మొత్తం కూడితే రెండు లక్షలు దాటింది. ఇంకా మేము నోట్లో ముద్ద పెట్టుకుని బయటికి పోనేలేదు.

నరసక్క: సరుకులకు పాతికవేలు పెట్టినాక ఇంగ ముద్దకు బయటికి ఏంటికి నాయనా?

(అల్లుడు దీనికి జవాబు చెప్పలేదు. వైట్‌ఫీల్డులో శనివారం రాత్రి ఎనిమిదికి బిర్యానీ తెచ్చే కుర్రాళ్ల బండ్లు ఆగే గేటు దగ్గర నిలబడితే జవాబు దొరుకుతుంది.)

మామ: మరి నీళ్లు? నువ్వు నీళ్లు చెప్పలేదే.

అల్లుడు: మంచి మాట గుర్తు చేశారు. నీళ్లకు నాలుగుసార్లు కడతా మామా. కావేరి నీళ్లకని ఒక బిల్లు. బోరు మోటారుకు మెయింటెనెన్సులో ఒక వాటా. బోరు ఎండితే ట్యాంకరు. తాగడానికి క్యాను. 2024 మార్చిలో ఊరంతా ఎండిపోతే చివరికి ప్రభుత్వమే ట్యాంకరుకు రేటు కట్టాల్సి వచ్చింది. పిల్లల స్కూల్లో మాత్రం స్విమ్మింగ్ పూల్ ఉంది.

మామ: మనూర్లో నీళ్లలో ఫ్లోరైడు. కాయిన్ ఏసి క్యాను పట్టుకుంటాం. నువ్వు 36 లక్షలు సంపాదించి వైట్‌ఫీల్డులో కూడా క్యాను నీళ్లే తాగుతాండావంటే, ఇంత దూరం ఏంటికి పోయినట్టు?

అయ్యవారు: అదే నేనడిగేదీ. నువ్వు చదివింది మన గవర్నమెంటు బళ్లో కదా. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ, ఆఫీసులో ఇంగ్లీషు. మూడు భాషలొచ్చె, ఫీజెంత కట్టినావు?

అల్లుడు: ఏమీ లేదు సార్.

అయ్యవారు: మరి నీ పిల్లల్ని అట్లాంటి బడిలో ఏంటికి ఎయ్యవు?

అల్లుడు: మీ మనవడు ఏ స్కూల్లో చదువుతున్నాడు సార్?

(అయ్యవారు టీ వేడిగా ఉందని ఊదుకోసాగారు. ఆ టీ చల్లారి పావుగంట అయింది.)

మామ: పోనీ లేప్పా, బళ్ల సంగతి వదులు. నా కత విను. నన్ను జూసి ఊరంతా జమీందారు అంటారు. ఎకరాకు ఏడాదికి 21 వేలు బాడిగ. రెండేండ్లకోసారి 5 శాతం పెరుగుతాది. ఒప్పందం పాతికేండ్లకు పైనే. వాన వచ్చినా రాకున్నా దుడ్లు బ్యాంకులో పడతాయి. చెనిక్కాయ ఏసినప్పుడు ఆ భరోసా యాడుండె? మూడేండ్లు ఏస్తే ఒక ఏడు చేతికొచ్చేది. కాబట్టి నేను కంపెనీని తిట్టను.

అయ్యవారు: తిట్టద్దు గానీ లెక్క చూడు. రెండేండ్లకు 5 అంటే ఏడాదికి రెండున్నర కూడా రాదు. ధరలు ఏడాదికి 4 శాతం పెరగడం సబబేనని రిజర్వు బ్యాంకే గురి పెట్టుకుంది. అంటే అంతా అనుకున్నట్టే జరిగినా నీ బాడిగ ఏటా కరుగుతాండాది. నాలుగుసార్లు పెంచినాక 21 వేలు ఎంతవుతాది? 25 వేల 500 చిల్లర. ఎనిమిదేండ్లలో నీ ఇంటి కర్చు అంతే పెరిగిందా?

మామ: యాడ! ముందు రాగులు, కందులు, చెనిక్కాయలు ఇంట్లో గోతాలకొద్దీ ఉండేవి. ఇప్పుడు ఊరిబిండి నూరాలన్నా చెనిక్కాయలు పావగడలో కొనుక్కొస్తా. ఇరవై ఎకరాల ఆసామి అంగట్లో పావుకిలో చెనిక్కాయలకు బేరమాడుతుంటే అంగడోడు నవ్వుతాడు.

అల్లుడు: చూశారా! మనిద్దరిదీ ఒకటే కష్టం మామా. ఆదాయం పెద్దది, సుఖం లేదు.

నరసక్క: (ఇంతసేపూ ఊరుకుంది) ఇద్దరి కష్టమూ ఒకటే అంటే, మరి నాదేంది నాయనా?

(ఎవరూ మాట్లాడలేదు. దూరంగా ఇన్వర్టర్ల హోరు.)

నరసక్క: అన్నకు భూమి ఉండె, భూమికి బాడిగ వచ్చె. మాకు భూమి లేదు, మా పనికి బాడిగ ఎవరిస్తారు? చెనిక్కాయ పెరికే కాలంలో ఊరంతా పని. సాయంత్రం కొంగులో కాయలు కట్టుకుని పోయేవాళ్లం. పెరికినాక కూడా మట్టిలో దొర్లిన కాయలు ఏరుకుంటే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఇప్పుడు చుట్టూ కంచె. కాంట్రాక్టరు పిలిస్తే గడ్డి కోస్తా. పిలవకపోతే ఇట్ల కూచుంటా.

అల్లుడు: (సర్దుకుని) అలా అనకక్కా. మీకు ఫ్రీ బస్సు, నెలకు 2 వేలు గృహలక్ష్మి, 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు. ఇవన్నీ మాలాంటివాళ్ల పన్నుల్లోంచి వచ్చినవే.

నరసక్క: అవునా? పుణ్యాత్ముడివి. మరి మీ లిఫ్టుకు కరెంటు యాడినుంచి వచ్చిందో అదీ చెప్పు.

మామ: నా చేలోంచే వచ్చింటుందిలే!

నరసక్క: ఇంకో మాట. ఆ అంట్లు తోమే ఆయమ్మకు ఆరు వేలంటివే, ఆయమ్మది యా ఊరు?

అల్లుడు: కనుక్కోలేదు.

నరసక్క: బాడిగ ఎంత కడతాదో?

అల్లుడు: అడగలేదు.

నరసక్క: నా కూతురు బెంగళూరులో అదే పని చేస్తాది. ఐదిండ్లు. పొద్దున ఆరింటికి పోతే సాయంత్రానికి వస్తాది. ఆయమ్మ రేపు ఆరుకు బదులు పన్నెండడిగితే ఏం చేస్తావు?

అల్లుడు: అపార్టుమెంటు గ్రూపులో ఇంకొకర్ని అడుగుతాం.

నరసక్క: ఆ ఇంకొకరు దొరకని రోజు మీ ఇద్దరిలో ఒకరు కొలువు మానాల. అప్పుడు 36లో సగమేనా మిగిలేది?

(అర్థశాస్త్రం పుస్తకాల్లో ఈ సంగతి ఒక అధ్యాయం. నరసక్క టీ తాగేంతలో ముగించింది.)

అయ్యవారు: బాగా చెప్పినావు నరసక్కా. 2023-24లో కేంద్రం చేసిన సర్వేలో పట్నంలో మనిషి సగటు నెల కర్చు 6,996 రూపాయలు. నలుగురికి 28 వేలు. వీళ్ల స్కూలు ఫీజు ఒక్కటే దానికి ఒకటిన్నర రెట్లు ఉండాది. అవసరాలు తగ్గించుకోవాల. మా కాలంలో...

అల్లుడు: సార్, మీ కాలం గురించి నేను చెబుతా. 2006 ఏప్రిల్ ఒకటి తర్వాత చేరినవాళ్లందరినీ కొత్త పెన్షన్‌లోకి తోసేశారు. మీరు ముందే చేరారు. ఏడాదికి రెండుసార్లు డీఏ. 2024 ఆగస్టు నుంచి ఏడో వేతన సంఘం లెక్క. మీరు నిద్రలో ఉన్నా పెరుగుతుంది. నాకు ఇరవై ఏళ్ల లోను ఉంది. ఉద్యోగం మాత్రం హెచ్ఆర్ నుంచి మీటింగ్ పిలుపు వచ్చేదాకే. నలభై దాటితే ఆ పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. ఈ బెంచీ మీద సుఖంగా ఉన్న మధ్యతరగతి మనిషి ఒక్కరే. మీరు!

అయ్యవారు: (చుట్టూ చూసి, గొంతు తగ్గించి) మెల్లగా మాట్లాడప్పా. గవర్నమెంటు వింటే అదీ తీసేస్తారు.

మామ: అంటే ఏమైతాది ఇప్పుడు? అయ్యవారికి వచ్చేది తక్కువ, నిద్ర పడతాది. నీకొచ్చేది ఎక్కువ, నిద్ర పట్టదు.

అల్లుడు: నిద్ర పట్టేవన్నీ నేను విడిగా కొనుక్కుంటున్నా మామా. బడి కొంటున్నా, నీళ్లు కొంటున్నా, ఆసుపత్రి భయానికి ఇన్సూరెన్సు కొంటున్నా, ముసలితనానికి మ్యూచువల్ ఫండ్సు కొంటున్నా. మా నాన్నకు ఇవి సర్కారు దగ్గర దొరికేవి. బాగుండేవో లేదో గానీ దొరికేవి.

నరసక్క: మాకు ఇప్పటికీ అక్కడే దొరుకుతాయి నాయనా. మీరంతా లేచిపోయినాక ఆ బడి ఎట్లుందో, ఆ ఆసుపత్రి ఎట్లుందో గట్టిగా అడిగేవాళ్లే లేరు.

(బస్సు హారన్. రాలేదు, మలుపులో ఎవరినో ఎక్కించుకుంటోంది.)

అల్లుడు: (గొంతు సవరించుకుని) మామా, అసలు సంగతి. చిన్నోడికి ఒకటో తరగతి అడ్మిషన్. డొనేషన్, ఫీజు కలిపి 3 లక్షలు. పదిహేనో తేదీ లోపల కట్టాలి. ఈ ఏడు బాడిగ పడింది కదా...

మామ: ఓహో! పొద్దున్నుంచి మిడిల్ క్లాసు, మిడిల్ క్లాసు అని పాడింది ఇందుకా? ఇస్తానప్పా, ఎక్కడికి పోతాను. మనవడి చదువు. కానీ ఊరికే ఇవ్వను.

అల్లుడు: వడ్డీ అయినా ఇస్తా మామా.

మామ: వడ్డీ వద్దు. మీ ఫ్లాటు నాకు బాడిగకియ్యి. ఇప్పుడు మీ పక్కింటోళ్లు ఎంత కడతాండారో అంతే కడతా. రెండేండ్లకోసారి 5 శాతం పెంచుతా. పాతికేండ్లు నువ్వు నన్ను కదిలించకూడదు.

అల్లుడు: రెండేళ్లకు ఐదు శాతమా! బెంగళూరులో ఏడాదికి పది శాతం పెంచే ఓనర్లున్నారు మామా. పాతికేళ్లకు అలాంటి అగ్రిమెంటు మీద ఏ పిచ్చోడు సంతకం పెడతాడు?

మామ: పెండ్లయిన కొత్తలో ఇదే అంగడి ముందర, ల్యాప్‌టాప్‌లో ఏదో గ్రాఫు గీసి, మంచి డీల్ మామా, సంతకం పెట్టండి అని నాకు చెప్పింది ఎవరు?

(అయ్యవారు దగ్గినట్టు నవ్వారు. బస్సు వచ్చింది. నరసక్క ఎక్కి ఆధార్ చూపించి సున్నా టికెట్టు తీసుకుంది. లీజు మామ కళ్లద్దాలు పెట్టుకుని చెక్కుబుక్కు తీశాడు. పక్కనే అల్లుడి ఫోన్లో స్కూలువాళ్ల ఫీజు కాగితం తెరిచి ఉంది. దాని అడుగున, చిన్న అక్షరాల్లో, ఏటా 10 శాతం పెంపు అని ఉంది.)