ట్రేలో నేనుండగానే

నా పేరు హైడ్రోకార్టిసోన్. చిన్న గాజు సీసాలో అడుగున తెల్లటి పొడిని, 100 మిల్లీగ్రాములు. ఒక పట్నం ఆసుపత్రి క్యాజువాలిటీలో, ఎమర్జెన్సీ ట్రేలో, అడ్రినలిన్ పక్కన నా చోటు. ఆయాసంతో వచ్చినవాళ్లకీ, మందు పడక ఒళ్లంతా దద్దుర్లు లేచినవాళ్లకీ నన్ను వాడతారు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు రోజూ చేసే కార్టిసాల్ నేనేనన్న సంగతి మాత్రం అక్కడ చాలామందికి గుర్తుండదు. మాది పెద్ద వంశమే! ఈ గ్రంథుల హార్మోన్ల మీద పనికి 1950లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. ఆ ఏడాదే బాల్టిమోర్‌లో లాసన్ విల్కిన్స్ అనే పిల్లల డాక్టరు, ఈ గ్రంథి పుట్టుకతోనే గాడి తప్పినవాళ్లకు మా అన్న కార్టిసోన్ పనికొస్తుందని చూపించాడు.

అలాంటి బిడ్డే ఒకడు వచ్చాడు. 16 రోజుల మగపిల్లాడు. వాంతులు, పాలు పట్టడం లేదు, పుట్టినప్పటికన్నా బరువు తగ్గాడు. ముందు ఇన్ఫెక్షన్ అన్నారు. తర్వాత జీర్ణాశయం చివర దారి మూసుకుందేమోనని స్కాన్ తీశారు, బాగానే ఉంది. సెలైన్ పెడితే కాస్త కళ్లు తెరిచేవాడు, మళ్లీ వాడిపోయేవాడు.

రిపోర్టులో సోడియం 118, పొటాషియం 7.6. “తీసేటప్పుడు రక్తకణాలు చితికుంటాయి, మళ్లీ పంపండి” అన్నాడు పెద్ద డాక్టరు. పసిపిల్లల రక్తంతో అలా అవుతుంది, అబద్ధం కాదు. కానీ కణాలు చితికితే సోడియం అంత పడిపోదే! నేను చెయ్యి చాస్తే అందే దూరంలోనే ఉన్నాను, నోరు లేదు.

ఆడపిల్లయితే పుట్టగానే అనుమానం వచ్చేది. 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ లేకపోతే కార్టిసాల్, ఉప్పును నిలిపే ఆల్డోస్టిరాన్ తయారు కావు. వాటికి బదులు మగ హార్మోన్లు పేరుకుని ఆడపిల్లల జననాంగాల తీరు మారుతుంది. మగపిల్లల్లో చర్మం కాస్త నల్లబడటం తప్ప తేడా కనిపించదు. వీడి నలుపును ఇంట్లోవాళ్లు తాత పోలిక అనుకున్నారు.

రాత్రి డ్యూటీకి వచ్చిన జూనియర్ డాక్టరమ్మతో అమ్మమ్మ అంది: “ముందు పుట్టినోడు గూడా ఇట్టాగే వాంతులు చేసుకుని పోయాడమ్మా, మూడో వారంలో.”

“మేనరికమా?”

“నా తమ్ముడికే ఇచ్చానమ్మా పిల్లని.”

ఆమె ఇంకేమీ అడగలేదు. 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ పరీక్షకు ముందే రక్తం తీసి పెట్టి, రిపోర్టు కోసం ఆగకుండా నన్ను అందుకుంది. అమెరికాలో పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ మీద గుచ్చి, ఒక చుక్కతో చేసే పరీక్షే అది. నాలో 25 మిల్లీగ్రాములు సిరంజిలోకి వెళ్లాయి, సెలైన్, గ్లూకోజు తోడయ్యాయి. మిగతా నన్ను పారబోశారు. అంత చిన్న ఒంటికి నా పావు భాగం చాలు. తెల్లారేసరికి పొటాషియం దిగింది, పిల్లాడు ఏడ్చాడు. గట్టిగానే.

ఇక జీవితాంతం మాత్రలు. జ్వరమొస్తే మోతాదు పెంచాలి, వాంతులైతే ఇంజెక్షన్ చేయించాలి. పాలు తాగే బిడ్డకు ఉప్పు కూడా పట్టమనేసరికి అమ్మమ్మ డాక్టరమ్మతో వాదనకు దిగింది. అది తేలాక అడిగింది, “పెద్దోడిదీ ఇదేనా అమ్మా?”

“అయ్యుండొచ్చు. అప్పుడు పరీక్ష చెయ్యలేదు, గట్టిగా చెప్పలేను. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు భయం ఉంటుంది. మళ్లీ నెల తప్పితే వెంటనే అమ్మాయిని తీసుకురండి, పుట్టేదాకా ఆగకండి.”