సన్‌స్క్రీన్ ట్యూబు: టీకా తాత్పర్య సహితం

మూలం (పూర్వభాగం)

ఎస్‌పీఎఫ్ 50. పీఏ++++. బ్రాడ్ స్పెక్ట్రమ్.

అవతారిక

సూర్యతేజాన్ని ఓర్చుకోలేక సంజ్ఞాదేవి తన చోట ఛాయను నిలిపి పుట్టింటికి పోయిందనీ, తండ్రి విశ్వకర్మ అల్లుణ్ని సానబట్టి ఆ తేజాన్ని తగ్గించాడనీ పురాణగాథ. ఎండకు విరుగుళ్లు రెండూ ఈ కథలోనే ఉన్నాయి: నీడకు చేరడం, కిరణాన్ని తగ్గించుకోవడం. మొదటిదానికి చెట్టు, గొడుగు, తలపాగా చాలు. రెండోదానికి విశ్వకర్మ దొరకడు కనుక ప్రస్తుత గ్రంథం అవసరమైంది. గ్రంథం 50 గ్రాముల ట్యూబు మీద అచ్చయి ఉంటుంది. ముందువైపున పెద్ద అక్షరాలతో పూర్వభాగం, వెనకవైపున చీమతలకాయంత అక్షరాలతో ఉత్తరభాగం. కొనేవారు పూర్వభాగం చదివి కొంటారు. ఫలమంతా ఉత్తరభాగంలో ఉంది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిన పట్టిన వ్యాఖ్యాత కొలచల మల్లినాథసూరి మెదకు సీమవాడే. అయితే ఆయనకు దొరికింది కాళిదాసు. ఇంత పొదుపరి మూలం దొరికి ఉంటే ఆ ప్రతిన నిలిచేది కాదు.

టీక

ఎస్‌పీఎఫ్: ఆస్ట్రియా రసాయనవేత్త ఫ్రాంజ్ గ్రైటర్ 1974లో వాడుకలోకి తెచ్చిన సూర్యరక్షణ గుణకం. ఏమీ పూయని చర్మం కందడానికి ఎంత మోతాదు అతినీలలోహిత కిరణాలు పడాలో, పూసిన చర్మం కందడానికి అంతకు ఎన్ని రెట్లు పడాలో ఈ అంకె చెబుతుంది. 50 అంటే కందించే కిరణాల్లో యాభయ్యో వంతు, అంటే 2 శాతం లోపలికి చేరుతుంది. 30 అయితే 3 శాతం పైచిలుకు. ఈ రెండు అంకెల మధ్య ధరలో కనిపించే దూరం రక్షణలో కనిపించదు.

పూర్వపక్షం: ఉత్త ముఖం పది నిమిషాల్లో కందుతుంది, 50 పూస్తే అయిదు వందల నిమిషాలు నిశ్చింతగా తిరగవచ్చు కదా? సమాధానం: కాదు. గుణకం కొలిచేది మోతాదును, గడియారాన్ని కాదు. మిట్టమధ్యాహ్నం పది నిమిషాల్లో పడే మోతాదు సాయంత్రం అయిదింటికి పడాలంటే ఎంతోసేపు పడుతుంది.

పీఏ++++: కందించే కిరణాలు యూవీబీ తెగవి, ఎస్‌పీఎఫ్ లెక్క ప్రధానంగా వాటిది. నేలను చేరే అతినీలలోహితంలో దాదాపు 95 శాతం యూవీఏ. అది వెంటనే కందించదు. చర్మం లోపలి పొరకు దిగి, బిగువునిచ్చే తంతువులను మెల్లగా తెంపుతుంది, నలుపు తేలుస్తుంది. దాని నుంచి దొరికే రక్షణను ప్లస్ గుర్తులతో కొలిచే పద్ధతి 1996లో జపాన్‌లో పుట్టింది. మొదట మూడు గుర్తులే. నాలుగోది 2013లో చేరింది. నాలుగు గుర్తులంటే రక్షణ 16 రెట్లు, ఆపైన. కనుక ఇక్కడ పునరుక్తి దోషం లేదు.

యూవీబీని కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది, యూవీఏలో చాలా భాగాన్ని వదిలేస్తుంది. దీనికి ఉదాహరణ 2012లో ఒక అమెరికా వైద్య పత్రికలో అచ్చయిన ఫొటో. 28 ఏళ్లు సరుకుల ట్రక్కు నడిపిన 69 ఏళ్ల మనిషికి కిటికీ వైపున్న ఎడమ చెంప ముడతలు పడి వేలాడుతుంటే, కుడి చెంప అతని వయసుకు తగినట్టే ఉంది. మన దేశంలో స్టీరింగు కుడివైపు ఉంటుంది కనుక ఇక్కడి డ్రైవర్లు ‘కుడి చెంప’ అనే పాఠాంతరాన్ని గ్రహించాలి.

బ్రాడ్ స్పెక్ట్రమ్: రెండు తెగలనూ ఆపేది అని అర్థం. ఆపేవాటిలో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఖనిజ వర్గం. ఎవోబెంజోన్ వంటివి సేంద్రియ రసాయన వర్గం. ఖనిజాలు కిరణాలను అద్దంలా తిప్పికొడతాయన్న వ్యాఖ్యానం బాగా ప్రచారంలో ఉంది. అవి కూడా ఎక్కువ భాగాన్ని పీల్చుకునే ఆపుతాయి. తెల్లగా పూత తేలడం వాటి దోషం, గుణం కాదు. చామనఛాయ ముఖం మీద అది బూడిద పూసినట్టు కనిపిస్తుంది. రసాయన వర్గానికి వేరే చిక్కు ఉంది: పగడపు దిబ్బలకు హాని చేస్తాయన్న కారణంతో ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ ఉన్నవాటి అమ్మకాన్ని హవాయి రాష్ట్రం 2021 నుంచి నిషేధించింది.

విశేషం

పూర్వభాగంలో ‘ఎప్పుడు’ అన్న మాట లేదు. వేడిగా ఉన్నప్పుడు అని లోకం పూరించుకుంటుంది. ఆ అన్వయం చెల్లదు. వేడి వేరు, అతినీలలోహితం వేరు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో సాయంత్రం అయిదింటికి వడగాలి కొట్టవచ్చు, కానీ అప్పటికి ఈ కిరణాలు బాగా తగ్గి ఉంటాయి. హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిలువు కర్రకు నీడ లేకుండా చేసే రోజులు ఏటా రెండు: మే 9 ప్రాంతం, ఆగస్టు 3 ప్రాంతం. మొదటిరోజున అందరూ గొడుగు వెతుకుతారు. రెండోరోజున వానాకాలం, చల్లగా ఉందని ఎవరూ పట్టించుకోరు. పలచని మబ్బు వేడిని దాచినంతగా ఈ కిరణాలను దాచదు. తన నీడ తనకన్నా పొట్టిగా ఉన్నంతసేపు ఎండ బలంగా ఉన్నట్టే. యూవీ సూచిక 3కు చేరితే రక్షణ అవసరమన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన దగ్గర ఎండ కాసే రోజుల్లో మధ్యాహ్నం ఆ సూచిక 3 దాటడానికి ఏ కాలమైనా చాలు.

మూలం (ఉత్తరభాగం)

ఎండలోకి పోవుటకు 15 నిమిషములు ముందు ముఖమునకు, మెడకు ధారాళముగా పూయవలెను. రెండు గంటలకొకసారి మరల పూయవలెను. కంటికి తగలనీయరాదు. బాహ్య ప్రయోగమునకు మాత్రమే.

టీక

15 నిమిషములు ముందు: పూత చర్మం మీద సమంగా పరుచుకుని ఆరడానికి పట్టే వ్యవధి. గడప దాటుతూ పూసుకునేవారికి ఇది వర్తించదు, రక్షణ కూడా అంతే.

ముఖమునకు, మెడకు: ఉపలక్షణం. చెవులు, మెడ వెనుక, ముంజేతులు, పాదాల పైభాగం, బట్టతల కూడా గ్రాహ్యం.

ధారాళముగా: గ్రంథమంతటికీ ప్రాణం ఈ క్రియావిశేషణం. పూర్వభాగంలోని 50 అనే అంకె ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల పూత మీద తేలింది. జనం పూసుకునేది అందులో సగమో పావో. పూత సగానికి తగ్గితే 50 కూడా 50గా మిగలదు, బాగా కిందికి జారుతుంది. అంటే 50 కొని పావువంతు పూసుకునేవారికన్నా 30 కొని నిండుగా పూసుకునేవారే ఎక్కువ రక్షణ పొందుతారు. అంకె గురించి అంగట్లో అరగంట వాదించి, ఇంటికొచ్చి శనగగింజంత పిండుకోవడం లోకరీతి.

కొలతకు నేటి సంప్రదాయం: చూపుడువేలు, నడిమివేలు పొడుగునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరి. అది సుమారు గ్రాముంపావు. ఆ లెక్కన 50 గ్రాముల ట్యూబు రోజుకు ఒక్కసారి వాడినా నెలా పదిరోజులకు మించదు. సంక్రాంతికి కొన్నది దసరాకూ ఉందంటే గృహస్థు పొదుపరి అనరాదు, గ్రంథంలోని ఈ పదం వదిలి చదివాడనాలి. ఒళ్లంతా పూయాలంటే ఒకసారికే సుమారు 30 మిల్లీలీటర్లు కావాలి. అది ఎవరికీ గిట్టుబాటు కాదు.

ఇక్కడ మతాంతరం చెప్పుకోవాలి. మిరప కోతకు పోయే ఆడకూలీలు చీర మీద మగవాళ్ల నిండు చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. స్కూటీ మీద కాలేజీకి పోయే అమ్మాయిలు కళ్లు తప్ప ముఖమంతా చున్నీతో కప్పుకుంటారు. బట్టకు కొలత గొడవ లేదు, ఆరే వ్యవధి లేదు, రెండు గంటల నియమమూ లేదు. బట్ట కప్పగలిగిన చోట బట్టదే ప్రథమ ప్రమాణం. మిగిలిన చోటికే ట్యూబు.

రెండు గంటలకొకసారి: చెమట, తుడుపు, నీళ్లు పూతను తీసేస్తాయి, కొన్ని రసాయనాలు ఎండకే విరిగిపోతాయి. ‘వాటర్ రెసిస్టెంట్’ అన్న పదం ఉన్నా అమెరికా నిబంధనల ప్రకారం అది నీళ్లలో 40 లేదా 80 నిమిషాల మాటే. రోజంతా ఇంట్లో, ఆఫీసులో కిటికీకి దూరంగా ఉండేవారికి ఈ విధి సడలుతుంది.

తాత్పర్యం

రోజూ, నిండుగా, కనిపించే చర్మమంతటికీ. ‘రోజూ’ అన్న మాట మూలంలో లేకున్నా దానికి బలమైన ప్రమాణం ఉంది. ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణంలో 1992 నుంచి నాలుగున్నరేళ్లు 1,621 మంది మీద జరిగిన పరిశోధనలో, రోజూ పూసుకొమ్మన్న వర్గానికి చర్మపు పొలుసుకణ క్యాన్సర్లు దాదాపు 40 శాతం తక్కువ వచ్చాయి; ముడతలూ వారికే తక్కువ. అయితే అది తెల్లచర్మం వారి లెక్క. మెలనిన్ నిండుగా ఉన్న చర్మానికి ఆ క్యాన్సర్లు అరుదు. ఆ భయాన్ని ఇక్కడికి ఎత్తుకొచ్చి అమ్మడం సరికాదు. ఇక్కడి బాధ చెంపల మీద మంగు, మానిన మొటిమ వదిలే నల్లమచ్చ. మంగును మామూలు వెలుతురు కూడా పెంచుతుంది కనుక ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్లు దానికి మేలు. తెలుపు వస్తుందన్న ఫలశ్రుతి మాత్రం ప్రక్షిప్తం.

శేషపదాలు

మరల పూయవలెను: ఆరు నెలల లోపు పసిపిల్లలకు ఒకసారి కూడా వద్దు, నీడే చాలు.

కంటికి తగలనీయరాదు: చెమటతో నుదుటి నుంచి జారి తగులుతుంది. కనుబొమల పైన పలచగా పూయడం శిష్టాచారం.

బాహ్య ప్రయోగమునకు మాత్రమే: స్పష్టము.