లెవెల్ వన్ పెళ్లికొడుకు

మా బామ్మర్ది కొడుకు బీకాం గట్టెక్కి ఏడాది కాలేదు. మొన్న ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ సంచీ చంకన పెట్టుకుని దిగాడు.

"మామయ్యా, ఫైనాన్షియల్ ఎనలిస్ట్ అవుదామనుకుంటున్నా. ఏ కోర్సు చెయ్యాలో మీరే చెప్పాలి."

ముప్పయ్యేళ్లు ప్రభుత్వాఫీసులో ఫైళ్లకి తాళ్లు కట్టినవాణ్ణి నేను. ఐనా, సలహా అడిగితే తెలీదనే రోగం మా వంశంలో లేదు. చెప్పరా అన్నాను.

ఎక్సెల్ షీటు తెరిచాడు. సీఏ, సీఎఫ్‌ఏ, ఎఫ్‌ఆర్‌ఎమ్, ఎంబీఏ, అమెరికాలో ఎమ్మెస్ వరసగా ఉన్నాయి. వాటి పక్కన ఫీజు, ఎన్నేళ్లు, ఆ తర్వాత 'ప్రెస్టీజ్' అని ఒక గడి. దానికి పదికి ఇన్నని మార్కులు. వేసింది వాళ్ల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపట. మూడో అంతస్తు ఆయన సీఏ తప్ప చదువే లేదన్నాడు, వాళ్లబ్బాయి సీఏ కాబట్టి. ఐదో అంతస్తావిడ గచ్చిబౌలి ఐఎస్‌బీకి పదికి పదకొండు వేసింది.

వాడి మనసు మాత్రం సీఎఫ్‌ఏ మీదుంది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం షార్లట్స్‌విల్ ఊళ్లో ఉండే సంస్థ పెట్టే పరీక్ష అది. 1963 నుంచి నడుస్తోంది. మూడు లెవెల్స్. ఒక్కోదానికి 300 గంటలు చదవాలని వాళ్లే చెబుతారు. రిజిస్ట్రేషన్ ఒక్కోసారీ వెయ్యి డాలర్లకి అటూఇటూ, ఆలస్యమైతే ఇంకా పైన. 2021 జులైలో లెవెల్ వన్ రాసినవాళ్లలో నూటికి 22 మందే ఒడ్డున పడ్డారు. సరే, మూడూ దాటాడనుకుందాం. చార్టర్ ఇచ్చేస్తారా? ఇవ్వరు. ఈ రంగంలోనే 4000 గంటలు పనిచేసి రమ్మంటారు.

"చార్టర్ ఉంటే ఉద్యోగమొస్తుందన్నావు కదరా?"

"ఉద్యోగముంటేనే చార్టర్ మామయ్యా."

పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు. మనవాళ్ల సామెత షార్లట్స్‌విల్ దాకా ఎలా పోయిందో!

ఆ మూడక్షరాలకి మన హైదరాబాదులోనూ ఒక కథ ఉంది. 1984లో ఇక్కడ పుట్టిన ఇక్ఫాయ్ అనే సంస్థ కూడా అదే పేరుతో కోర్సు నడిపింది. అక్షరాలు మావంటే మావని అమెరికా వాళ్లకీ వీళ్లకీ పడ్డ ట్రేడ్‌మార్క్ తగాదా ఢిల్లీ హైకోర్టుకెక్కింది. పొలం గట్టు జరిపారని కోర్టుకెళ్లినవాళ్లని చాలామందిని చూశాం గానీ, అక్షరాల గట్టు దగ్గర కొట్టుకోవడం మాకు కొత్త.

ఇంతలో సంచీలోంచి ఒక కాయితం జారింది. వాడి పెళ్లి బయోడేటా. చదువు అన్నచోట 'బీకాం, సీఎఫ్‌ఏ (లెవెల్ 1)' అని ఉంది.

"పాసయ్యావా?"

"రిజిస్టరయ్యా. అసలు పాసైనా అలా రాసుకోకూడదు మామయ్యా. చార్టర్ చేతికొస్తేనే ఆ అక్షరాలు పేరు పక్కన పెట్టుకోవాలి. ఎథిక్స్‌లో ఉంటుంది, ముఖ్యమైన చాప్టర్."

"మరి ఇదేంటి?"

"అది నాన్న వేయించారు. ఎథిక్స్ నాన్నకి సిలబస్‌లో లేదుగా."

గడపకి 'బి.ఏ. (ఫెయిల్డ్)' అని బోర్డు కట్టుకున్న పాతకాలం వాళ్లే నయం. బ్రాకెట్లో నిజం రాసేవాళ్లు.

ఎమ్మెస్ సంగతి ఇంకా ముచ్చటగా ఉంది. ఉత్త ఫైనాన్స్ చదివితే అమెరికాలో ఏడాది పనిచేయనిస్తారు. అదే కోర్సు స్టెమ్ జాబితాలో ఉంటే మరో 24 నెలలు. అందుకని పిల్లలు సిలబస్ కంటే ముందు కోర్సు కోడ్ చూస్తున్నారట. 'క్వాంటిటేటివ్' అనో 'ఇంజనీరింగ్' అనో తోక తగిలితే ప్రాణం లేచొస్తుందట. మేం జాతకం చూసి సంబంధం కుదుర్చుకున్నట్టు.

"ఇక్కడ మన దేశంలో షేర్ల మీద రిపోర్టు రాయాలంటే చట్టప్రకారం ఏం కావాలిరా?" అనడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

వాడు గొంతు తగ్గించాడు. సెబీ 2014లో నిబంధనలు పెట్టింది, ఎన్‌ఐఎస్‌ఎమ్ వాళ్ల రిసెర్చ్ ఎనలిస్ట్ పరీక్ష పాసవ్వాలి. రెండు గంటలు, వందకి అరవై వస్తే చాలు, ఫీజు రెండు వేల లోపు.

"మరి షీట్లో లేదే?"

"రెండు వేల పరీక్ష అంటే అపార్ట్‌మెంట్‌లో పరువుంటుందా మామయ్యా?"

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మా ఆవిడ అంతా వింటోంది. ఇరవై మందితో లక్ష రూపాయల చీటీ నడుపుతుంది. ఎవరెంతకి పాడితే ఎంత వడ్డీ పడుతుందో కాయ విరిచేలోపు చెప్తుంది.

"ఒరేయ్, పోయేదంతా రాశావు. తిరిగొచ్చేది ఏ గడిలో ఉంది? మీ నాన్న రూపాయిన్నర వడ్డీకి తెస్తాడు. అంటే ఏడాదికి పద్దెనిమిది."

వాడు తలగోక్కుని, సంచీలోంచి కాలిక్యులేటర్ తీశాడు. సీఎఫ్‌ఏ పరీక్షలోకి రెండు రకాలే రానిస్తారట, వీడిది హెచ్‌పీ 12సీ. 1981లో వచ్చిన మోడల్, ఇప్పటికీ అమ్ముతున్నారు. మా ఆవిడ చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, దాన్ని అటూఇటూ తిప్పింది. పద్దెనిమిది నొక్కింది. ఆపైన వేలు గాల్లోనే ఆగిపోయింది.

"ఈక్వల్ టు ఎక్కడరా?"

"దీనికి ఉండదత్తా."