ఆషాఢం చలానా

తగ్గింపు ధర అంటే చెవి కోసుకునే జనం మనం. ఆషాఢం రాగానే బట్టల కొట్ల ముందు బారులు తీరతాం. మన ఈ బలహీనతను బట్టల వ్యాపారుల తర్వాత అంత బాగా పసిగట్టింది తెలంగాణ ట్రాఫిక్ పోలీసులే. 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద బంపర్ ఆఫర్ పెట్టారు. టూవీలర్లకు 75 శాతం తగ్గింపు, కార్లకు 50, ఆర్టీసీ బస్సులకు 70, తోపుడు బండ్లకు 80. కరోనా రోజుల్లో మాస్కు పెట్టుకోలేదని వేసిన వెయ్యికి వంద కడితే చాలన్నారు. నెల రోజుల గడువు జనం ఉత్సాహానికి ఆనక, ఏప్రిల్ 15 దాకా పొడిగించారు. దాదాపు 300 కోట్ల రూపాయలు వచ్చి పడ్డాయి. ఏ షాపింగ్ మాల్‌కైనా కన్నుకుట్టే వ్యాపారం.

ఏడాదిన్నర తిరిగింది. ప్రభుత్వం మారింది. ఆఫర్ మాత్రం మారలేదు సరికదా, మరింత లావెక్కింది. 2023 డిసెంబర్ 26 నుంచి టూవీలర్లకు, ఆటోలకు 80 శాతం, కార్లకు, లారీలకు 60, ఆర్టీసీ బస్సులకు ఏకంగా 90 శాతం తగ్గింపు. జనవరి 10తో ముగియాల్సింది జనవరి 31కి జరిగింది, అక్కణ్నుంచి ఫిబ్రవరి 15కి జరిగింది. అసెంబ్లీలో ఒకరి మాట ఒకరు విననివ్వని పార్టీలు చలానా రాయితీ దగ్గర మాత్రం ఎంత ముచ్చటగా ఏకాభిప్రాయానికి వచ్చాయో చూడండి! అన్నిటికంటే నాకు నచ్చింది ఆర్టీసీ ముచ్చట. ప్రభుత్వ బస్సు సిగ్నల్ దాటుతుంది, ప్రభుత్వ పోలీసు జరిమానా వేస్తాడు, ప్రభుత్వమే పదిలో తొమ్మిది వంతులు మాఫీ చేస్తుంది. ఎడమ జేబు నుంచి కుడి జేబుకు పోతున్న డబ్బుక్కూడా రాయితీ ఇచ్చిన ఘనత మనది.

మరి ఈ ఆఫర్లలో నష్టపోయిందెవరు? ఫోన్‌కు మెసేజ్ రాగానే నంబరు కొట్టి, తన బండి ఫొటో తనే చూసుకుని, సిగ్గుపడి, ఆ రాత్రే పూర్తి మొత్తం కట్టేసిన ఒక వెర్రిబాగులవాడు. వాడు తప్ప ఊళ్లో అందరూ బాగుపడ్డారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఏ టీ కొట్టు దగ్గరైనా అడిగి చూడండి.

"అన్నా, చలానాలు కట్టినవా?"

"పాగల్ గానివా? ఆఫర్ రానియ్యి!"

అదీ సంగతి. భయపెట్టాల్సిన జరిమానాను బేరమాడే సరుకుగా మార్చేశాం. ముప్ఫై చలానాలున్నవాడు నేరస్తుడు కాడు, మంచి రోజు కోసం కాచుకున్న తెలివైన మదుపరి.

అసలు ధరైనా ఎంతని? హెల్మెట్ లేని తలకు హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి కట్టిన రేటు వంద రూపాయలు. దాని మీద యూజర్ చార్జీలు 35. తలకు వంద, ఆ తలను ఫొటో తీసిన సేవకు 35! 2019 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్ట సవరణ ఇదే తప్పుకు వెయ్యి రూపాయలు, పైగా మూడు నెలలు లైసెన్సు రద్దు అంది. జనం గగ్గోలు పెడతారని తెలంగాణ అప్పట్లో ఆ రేట్ల జోలికి పోలేదు. ఓట్లున్న తలలు కదా, వాటి మీద వెయ్యి వేయడానికి చేతులెలా వస్తాయి?

ఆ తలల లెక్క కేంద్ర రవాణా శాఖ దగ్గరుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో హెల్మెట్ పెట్టుకోనివాళ్లు 50,029 మంది. అంటే రోజుకు సగటున 137 మంది. వీళ్లలో 14 వేల మందికి పైగా బండి నడిపినవాళ్లు కారు, వెనక కూర్చున్నవాళ్లు. మనింట్లో ఆ వెనక సీటు ఎవరిదో వేరే చెప్పాలా? మొగుడికి హెల్మెట్, పెళ్లానికి కొంగు, మధ్యలో పిల్లాడికి దేవుడు.

పెట్టుకునేవాళ్ల సంగతీ చూద్దాం. హెల్మెట్ ఇంట్లోంచి మోచేతికి తగిలించుకుని బయల్దేరుతుంది, కాసేపు పెట్రోల్ ట్యాంకు మీద సేదతీరుతుంది, కూడలికి వంద గజాల ముందు తలెక్కుతుంది, దాటగానే దిగుతుంది. గడ్డం కింద పట్టీ పెట్టుకోవడం నామోషీ. పోలీసు కోసం పెట్టుకున్న హెల్మెట్‌కు పట్టీ దేనికి, పోలీసు లాగి చూడడు కదా! ఇక నంబరు ప్లేటు దాచడంలో మన ప్రతిభ ప్రపంచానికి తెలియకపోవడం అన్యాయం. ప్లేటు పైకి వంచేవాళ్లు, చివరి అంకె మీద స్టిక్కర్ అంటించేవాళ్లు, వెనక కూర్చున్న మనిషి చున్నీ వేలాడదీసేవాళ్లు. కరోనా పుణ్యమా అని ముక్కుకు పెట్టుకోమన్న మాస్కును ప్లేటుకు తొడిగారు. తల పగిలినా పరవాలేదు, నంబరు మాత్రం క్షేమంగా ఉండాలి.

అవతలివైపూ ధర్మప్రభువులేం లేరు. కూడలిలో నిలబడి ట్రాఫిక్ నడిపించాల్సిన మనిషి స్తంభం చాటున కెమెరాతో మాటు వేస్తాడు. ముగ్గురితో, రాంగ్ రూట్‌లో, రెండు చేతులూ వదిలి దూసుకొస్తున్న కుర్రాణ్ని చూస్తాడు. ఆపడు. ఫొటో తీస్తాడు. కుర్రాడు ముందుకెళ్లి ఎవరినో గుద్దితే అది వేరే స్టేషన్ కేసు. ఇతని పని క్లిక్ అనడంతో సరి. ప్రమాదాన్ని ఆపడం మానేసి ప్రమాదానికి రసీదు ఇవ్వడం నేర్చుకున్నాం.

గుంతకు మాత్రం రసీదు లేదు. అదే 2019 సవరణలో 198-ఎ అనే సెక్షన్ ఉంది. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక, దానివల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా, బాధ్యత ఉన్న అధికార సంస్థకు గానీ కాంట్రాక్టరుకు గానీ లక్ష రూపాయల వరకు జరిమానా వేయొచ్చు. మనిషి పోయాక, గరిష్ఠంగా, లక్ష. నోరు తెరుచుకున్న మ్యాన్‌హోల్‌ను స్తంభం చాటు నుంచి ఫొటో తీసి కాంట్రాక్టరు ఫోన్‌కు ఈ-చలానా పంపిన పోలీసును మీరు చూశారా? నేను చూడలేదు.

తల్లిదండ్రుల మాట కూడా ఎత్తాలి. "మావాడు ఎనిమిదో క్లాసే, బండి మాత్రం భలే తోల్తాడు!" అని మురిసిపోయే నాన్నగారూ, మైనరు బండి నడిపి తప్పు చేస్తే చట్టం పట్టుకునేది మిమ్మల్నే. పాతిక వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. మీవాడి ప్రతిభ మీకు ఇంత ఖరీదు పడుతుంది. ఎదురొచ్చే ముసలాయనకు ఎంత పడుతుందో ఆ లెక్కలో లేదు.

ఇంతకీ మన ప్రజల్లో చలానా భయం పూర్తిగా చావలేదని రుజువు చేసినవాళ్లు సైబర్ దొంగలు. అసలు పోలీసులు ఇరవైసార్లు మెసేజ్ పెట్టినా చలించని మనిషి, వాట్సాప్‌లో ముక్కూమొహం తెలియని నంబరు నుంచి ఆర్టీఓ చలానా పేరుతో ఏపీకే ఫైలు రాగానే హడావుడిగా నొక్కుతాడు. ఫైలు ఫోన్లోకి దిగి ఓటీపీలు చదివి ఖాతా ఊడ్చేస్తుంది. నూట ముప్ఫై అయిదు ఎగ్గొట్టినవాడు లక్షలు సమర్పించుకుంటాడు. ఈ దొంగలు రాయితీలివ్వరు, గడువూ పొడిగించరు. చలానా చూసుకోవాలంటే ఎవరో పంపిన లింకు అక్కర్లేదు. రాష్ట్ర పోలీసుల ఈ-చలానా సైటుకు గానీ కేంద్రం నడిపే పరివాహన్ సైటుకు గానీ మీరే వెళ్లి, చిరునామా చివర 'జీఓవీ డాట్ ఇన్' ఉందో లేదో చూసుకుని, బండి నంబరు కొట్టండి. తేదీ, చోటు, ఫొటో అన్నీ ఉంటాయి. ఫొటోలో బండి మీది కాకపోతే ఊరుకోకండి, ఫిర్యాదు చేయండి. మీ నంబరు తగిలించుకుని ఇంకెవడో తిరుగుతుండవచ్చు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇక ఏలినవారికి ఒక మనవి. మళ్లీ ఎప్పుడైనా ఆఫర్ పెట్టాలని చెయ్యి దురద పుడితే, ఏళ్ల తరబడి ఒక్క చలానా కూడా లేనివాడి బండి పన్నులోనో బీమాలోనో పెట్టండి. అంతకంటే ముందు, 2022 ఫిబ్రవరి 28న బుద్ధిగా పూర్తి వంద కట్టి, మర్నాడు పేపర్లో ఆఫర్ చదువుకున్న ఆ వెర్రిబాగులవాడికి మిగతా 75 రూపాయలూ వాపసు ఇవ్వండి. యూజర్ చార్జీలు మీరే ఉంచుకోండి.