వదిలిపెట్టి వేటాడే వీరులు

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌ డ్యాముల మీద కొందరు వీరులు తిరుగుతుంటారు. వారి ప్రత్యర్థి బారాముండి. అంటే కృష్ణా, గోదావరి జిల్లాలవారు పులుసు పెట్టుకునే మన పండుగప్పే. మీటరు పొడవుది పడితే చాలు, చంటిబిడ్డలా ఎత్తుకుని ఫొటో దిగి, అడవి మృగాన్ని లొంగదీసిన కథ మొదలెడతారు. ప్రకృతితో ముఖాముఖి పోరట!

ఆ మృగం అక్కడికెలా వచ్చిందో మాత్రం కథలో ఉండదు. టినారూ సరస్సునే తీసుకోండి. బారన్ నదికి అడ్డంగా 1958లో డ్యాము పూర్తయితే ఏర్పడిన జలాశయం అది. దానికీ సముద్రానికీ మధ్య బారన్ జలపాతం ఉంది. దాన్ని ఎక్కగల పండుగప్ప ఇంకా పుట్టలేదు. 1980లలో మనుషులే హేచరీ పిల్లల్ని తెచ్చి వదలడం మొదలుపెట్టారు. ఇప్పటికీ వదులుతున్నారు, వదలక తప్పదు. ఈ చేప మంచినీళ్లలో బాగానే బలుస్తుంది గానీ గుడ్లు పెట్టాలంటే ఉప్పు తగలాలి. పైగా మగదిగా మొదలై, పెద్దయ్యాక ఆడదయ్యే జాతి. మొనగాడి చేతుల్లోని మీటరు మృగం చాలాసార్లు పురిటికి చోటు దొరక్క డ్యాము నీళ్లలో తిరుగుతున్న ఆడచేప.

ఈ సంగతి వీరులు మరిచినా చట్టం మరవలేదు. క్వీన్స్‌లాండ్ తూర్పు తీరంలో నవంబరు నుంచి జనవరి ఆఖరుదాకా బారాముండి పట్టకూడదు, గుడ్లు పెట్టే కాలం కాబట్టి. టినారూ వంటి జలాశయాలకు మాత్రం మినహాయింపు ఉంది. పుట్టని సంతానాన్ని కాపాడటమెందుకని! ఇది నిజంగా అడవి చేపే అయితే ఆ మినహాయింపు వద్దని ముందుగా అడగాల్సింది వీరులే. డిసెంబరులో బోటు దించేటప్పుడు ఆ వాదన గట్టునే ఉండిపోతుంది.

ఇక పోరాటం. ముందు పర్మిట్ కొనాలి. ఆ సొమ్ములో ఎక్కువ భాగం మళ్లీ చేపపిల్లలు వదలడానికే పోతుంది, అంటే ప్రత్యర్థి ఖర్చు కూడా వీరుడిదే. తర్వాత బోటులో సోనార్ పెట్టి, నీళ్లడుగున చేప కదలికను తెర మీద చూస్తూ, దాని మూతి ముందు రబ్బరు చేపబొమ్మను ఆడిస్తాడు. అది నోరు తెరిస్తే అంతా అనుభవమే, తెరవకపోతే వాతావరణం బాగోలేదు.

2010లో 44.64 కిలోల ప్రపంచ రికార్డు బారాముండి పడింది మోండురాన్ సరస్సులో. అదీ డ్యామే. రికార్డు గాలం వేసినవాడి పేరిట నమోదవుతుంది, పిల్లను పెంచిన హేచరీ పేరిట కాదు.

మన కైకలూరు చుట్టుపక్కల చెరువుల్లోనూ పండుగప్ప పిల్లల్ని వదిలి, మేపి, ఎదిగాక వల లాగుతారు. దాన్ని పట్టుబడి అంటారు. ఐసు వేసి లారీ ఎక్కిస్తారు. ప్రకృతిని జయించానని ఏ రైతూ మీసం మెలెయ్యడు. సరదాకి గాలం వెయ్యడంలో తప్పేం లేదు, చుట్టుపక్కల ఊళ్లకు నాలుగు డబ్బులూ వస్తాయి. ఆ జబ్బలు చరుచుకోవడంతోనే పేచీ.

మళ్లీ క్వీన్స్‌లాండ్‌కే వస్తే, గ్లాడ్‌స్టోన్ దగ్గరి అవూంగా డ్యాము 2010-11 వరదలకు పొర్లినప్పుడు, ఏళ్లుగా బలిసిన పెద్ద చేపలు వేల సంఖ్యలో గోడ దాటి బోయిన్ నదిలో పడి ఉప్పునీటి దారి పట్టాయి. కింద వలలు వేసే జాలరులకు పంట పండింది. పైన వీరులకు ప్రత్యర్థులు కరువయ్యారు. మళ్లీ వేలెడంత పిల్లల్ని తెచ్చి వదిలారు, అవి మృగాలయ్యేదాకా పోరాటం వాయిదా.